ఇల్లుబండి నీళ్ళ పైపు

ఇల్లుబండికి నీళ్ళు నింపుకునే పైపు కోసం నేను పడిన తిప్పలు చూసి మా బడి స్టాఫ్ రూంలో అందరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు. పైపు అంటే ఏముంది, బజారుకు పోయి ఇన్ని గజాలు కావాలంటే కోసిస్తాడు, తెచ్చి నల్లాకు తగిలిస్తే అయిపోతుంది. నాకు మాత్రం అంత సులువుగా కాలేదు. ఇప్పుడా పైపు మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మేకుకు వేలాడుతోంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మంట పైపు మీద కాదు, నా మీద.

మేముండేది గద్వాలలో. నేను సర్కారు బడిలో భౌతికశాస్త్రం చెప్తాను, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాను. నా భార్య దవాఖానలో నర్సుగా చేసి నాకంటే ముందే ఉద్యోగం ముగించుకుంది. మా ఇద్దరివీ ఊరికి అవతల విసిరేసినట్టుండే వాడలో పుట్టిన బతుకులు. ఊరి జనం చర్చి వాడ అంటారు, మర్యాదకు. మర్యాద అక్కర్లేని చోట కులం పేరే పెట్టి పిలుస్తారు.

బండి కొనాలన్న పిచ్చి నాదే. ఒక ప్రైవేటు బడి వాళ్ళు పాత వ్యాను అమ్ముతుంటే తీసుకుని, బాడీ కట్టే షెడ్డులో పెట్టించి, సీట్లన్నీ పీకించాను. ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి, గిన్నెలు కడుక్కునే చిన్న తొట్టి, బీరువా అంత బాత్రూం. మంచం కింద నీళ్ళ ట్యాంకు. ట్యాంకు మూతి బండి పక్కన బయటికి వస్తుంది, దానికో మూత. సెలవుల్లో ఇద్దరం నల్లమల దాకా పోయి, మన్ననూర్‌లో చెట్ల మధ్య నాలుగు రోజులుండి రావాలని నా ఆశ. ఇల్లుబండి అని పేరు పెట్టింది మాత్రం ఆమె. పేరైతే పెట్టింది గానీ, ఎక్కడానికి ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"నేనొస్త సారూ, రానని అంటలేను," అంది. నన్ను సారు అనడం ఆమెకు పెళ్లయిన కొత్తలో వేళాకోళం, తర్వాత అలవాటు. "గని ఒక్క మాట. నీళ్ళ కోసం నేను ఎవరి వాకిట్ల నిలవడ. ఎవరో వచ్చి మీదికెళ్ళి పోస్తే పట్టుకునే పని నాతోని కాదు. నా చేతితోని నేను నల్లా తిప్పుకోవాలె, నా ట్యాంకు నేను నింపుకోవాలె. గట్లయితేనే వస్త."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆమె అమ్మానాన్నలు కాలువ పనులకు, చెరువు మట్టి పనులకు ఊళ్ళు పట్టుకుని తిరిగినవాళ్ళు. ఎక్కడ గుడిసె వేసుకున్నా నీళ్ళకు పక్కనున్న రైతు బావే దిక్కు. మోకు ముట్టకూడదు, గట్టెక్కకూడదు. ఎవరైనా ముట్టదగినవాళ్ళు వచ్చి చేది, ఎత్తు నుంచి బిందెలో పోయాలి. వాళ్ళకు తీరిక దొరికేదాకా ఈమె బిందె పక్కన కూర్చుని కాపలా కాసేది. చిన్నప్పుడు బడికి ఆలస్యంగా పోయిన రోజులన్నీ ఆ కాపలా వల్లనే. ఉద్యోగం వచ్చాక మేము ఎన్ని అద్దె ఇళ్ళు మారినా, ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు ఆమె ముందు చూసేది గదులు కాదు. నల్లా లోపలుందా, బయటుందా? బయటుంటే ఆ ఇల్లు వద్దు. గాలి లేకపోయినా సరే, వెలుతురు లేకపోయినా సరే.

అందుకని పైపు సంగతి నాకు ప్రాణం మీదికొచ్చింది. ఊళ్ళలో నల్లాలు ఒక్క తీరున ఉండవు. కొన్నింటికి మూతి దగ్గర మరలుంటాయి, కొన్నింటికి ఉండవు. కొన్ని అర ఇంచు, కొన్ని ముప్పావు. పొలాల దగ్గర బోరు పైపు లావుగా ఉంటుంది. ప్లాస్టిక్ నల్లా అయితే కొంచెం గట్టిగా బిగిస్తే విరిగి చేతికొస్తుంది. మా పైపు ఆ నల్లాకు పట్టకపోతే ఏమవుతుంది? వాళ్ళు బకెట్ తెస్తారు, వాళ్ళు ముంచుతారు, వాళ్ళు పోస్తారు. మేము ట్యాంకు మూత తీసి పట్టుకుని నిలబడాలి. అదే జరగకూడదు. ఏ నల్లా అయినా సరే, అడిగిన మరుక్షణం ఆమె చేత్తో తగిలించుకునేట్టు ఉండాలి.

మొదట గద్వాల బజారులోనే ఒక ఆకుపచ్చ పైపు కొన్నాను, తోటలకు నీళ్ళు కట్టేది. ఇంటి నల్లాకు తగిలించి ట్యాంకు నింపి, గ్లాసుతో పట్టి ఆమెకిచ్చాను. ఒక గుక్క నోట్లో పోసుకుని బయటికి పోయి ఉమ్మేసింది.

"చెప్పుల దుకాణం వాసనొస్తుంది," అంది.

నేను తాగి చూశాను. నిజమే. ఎండలో పడున్న పైపులో నీళ్ళు కాగి, ఆ ప్లాస్టిక్ వాసనంతా ట్యాంకుకు పట్టింది. ట్యాంకు ఎన్నిసార్లు కడిగినా పోలేదు. చివరికి సోడా ఉప్పు వేసి, నిమ్మకాయలు పిండి, వారం పాటు ఆమే కడిగింది. కడిగినంత సేపూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

రెండోది తెల్ల పైపు. లోపల దారం అల్లిక కనిపిస్తుంటుంది. వాసన లేదు గానీ, నాలుగు రోజులకే లోపల పాచి పట్టింది. పైపు గాజులా ఉంటే ఎండ లోపలికి పోతుంది, తడి ఎలాగూ ఉంటుంది, పాచి పట్టక ఏం చేస్తుంది? పదో తరగతి పిల్లలకు నేనే చెప్తాను ఈ సంగతి. పిల్లలకు చెప్పే తెలివి బజారులో పనికి రాలేదు. పైగా అది వంపు తిరిగిన చోటల్లా మడత పడి నీళ్ళు ఆగిపోయేవి. ఒకరు నల్లా దగ్గర, ఒకరు బండి దగ్గర, మధ్యలో మడత విప్పడానికి ఇంకో మనిషి కావాలి. అదీ మూలకు పోయింది.

అప్పుడు వనపర్తికి పోయాం. అక్కడొక పెద్ద సామాన్ల దుకాణం ఉంది, బోర్ల సామాను, పైపులు, మోటార్లు అమ్ముతాడు. దుకాణం ఆయన మా గోడు మొత్తం ఓపికగా విన్నాడు. విని, పాల డెయిరీల వాళ్ళు పాలు పట్టే పైపు తీసి చూపించాడు. మందంగా ఉంది, లోపల తెల్లగా, బయట నీలంగా, వెలుతురు చొరదు.

"గిది పట్టుకోండి సారు. పాలకే వాసన రాదు, నీళ్ళకు ఏడికెల్లి వస్తది?"

ఆమె నమ్మలేదు. మూరెడు ముక్క కోయించుకుని ఇంటికి తెచ్చింది. ఒక కొస కట్టి, నీళ్ళు పోసి, రెండో కొస కట్టి, రోజంతా డాబా మీద ఎండలో పడేసింది. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి, నా ముందే విప్పి తాగింది. చాలాసేపు నోట్లో పెట్టుకుని, మింగి, "ఇగ పా, కొందాం," అంది. ఆ రోజు ఆమె మొహం చూసి నేను బంగారం కొనిచ్చినా అంత వెలగదు అనుకున్నాను. బంగారం ఎన్నడూ కొనివ్వలేదు కాబట్టి కచ్చితంగా చెప్పలేను.

మళ్ళీ వనపర్తికి పోయి పైపుతో పాటు మూతులన్నీ కొన్నాం. అర ఇంచు ఇత్తడి కప్లింగ్, ముప్పావు ఇంచుది, బోరు పైపుకు తగిలించేది. మరలు లేని నల్లాల కోసం ఒక రబ్బరు మూతి. దాన్ని నల్లాకు తొడిగి, చుట్టూ ఉన్న స్టీలు పట్టీని స్క్రూతో బిగిస్తే ఎలాంటి నల్లానైనా పట్టేసుకుంటుంది. రబ్బరు మూతికీ పైపుకీ మధ్య టక్కున తగిలి టక్కున ఊడే జోడు ఒకటి. ఆ జోడును ఆమె దుకాణంలోనే పది సార్లు తగిలించి ఊడదీసింది. పైపు ఊడుతుంది, మూతి నల్లాకే ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

డబ్బులిచ్చి బయల్దేరుతుంటే దుకాణం ఆయన ఇంకో ఇత్తడి ముక్క గల్లా మీద పెట్టాడు. "ఎన్నార్వీ గూడ ఎయ్యించుకోండి సారు. నీళ్ళు గిట్లకెల్లి పోతయి, మర్లి రావు. మీ ట్యాంకు నీళ్ళు మర్లి వాళ్ళ పైపులకు ఎక్కొద్దు గద."

నాకు ఆ ముక్క తెగ నచ్చింది. లోపల చిన్న తలుపు, వెనక స్ప్రింగు. నీళ్ళు ఇటు నుంచి నెడితే తెరుచుకుంటుంది, అటు నుంచి నెడితే మూసుకుంటుంది. మనిషి గుండెలో తలుపులు కూడా ఇంతే. నోట్లో పెట్టుకుని ఒకవైపు నుంచి ఊదాను, గాలి పోయింది. తిప్పి ఊదాను, పోలేదు. ఆమెకు చూపించి మళ్ళీ ఊదాను.

"ఊదింది సాలు. అందరు జూస్తుండ్రు, పోరగాని లెక్క," అంది నవ్వుతూ. నేను దాన్ని రబ్బరు మూతి వెనకే బిగించుకున్నాను. ఒకరి దగ్గర నీళ్ళు తీసుకుంటున్నప్పుడు వాళ్ళ నీళ్ళు పాడు కాకుండా చూడడం మర్యాద అనుకున్నాను. సైన్సు మాష్టారును కదా.

ముందు పెబ్బేరు దాకా పోయి చూశాం. సంత రోజు. ఎడ్ల బేరాలు, దుమ్ము, అరుపులు. పెట్రోలు బంకులో అడిగితే నింపుకొమ్మన్నారు. అడగడం నా వంతు, మిగతాదంతా ఆమె వంతు అని మాకు ఒప్పందం. ఆమె కొంగు దోపుకుని దిగి, రబ్బరు మూతి తొడిగి, పట్టీ బిగించి, పైపు టక్కుమని తగిలించి, నల్లా తిప్పింది. ఒక్క చుక్క కారలేదు. ట్యాంకు నిండేదాకా నల్లా మీద చెయ్యి వేసుకుని నిలబడే ఉంది. ఆ సాయంత్రం బండిలోనే స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఎవరినీ అడుగలే," అంది.

"నేనడిగిన గద."

"నువ్వడిగినవ్. నేనడుగలే."

ఆ ఒక్క రోజు చాలు నాకు అనిపించింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేదో. ఆశకు అంతు లేదు కదా, మన్ననూర్ పోవాలి.

దసరా సెలవుల్లో బయల్దేరాం. వనపర్తి దాటి, నాగర్‌కర్నూల్ దాటి అచ్చంపేట తోవ పట్టాం. అడవి దగ్గర నీళ్ళు దొరుకుతాయో దొరకవో, ముందే నింపుకుంటే మంచిదని ఆమె అంది. రోడ్డు పక్కనే ఒక రైతు ఇల్లు. ముందు పల్లికాయ ఎండబోసి ఉంది. పశువుల తొట్టి పక్కన చిన్న సిమెంటు గట్టు, గట్టు మీద నల్లా. నేను దిగి అడిగాను.

రైతు నా కంటే చిన్నవాడు, మంచి మర్యాదస్తుడు. "నీళ్ళకేంది సారు, ఎన్నయిన వట్టుకోండి. బోరు మస్తుగ పోస్తుంది," అన్నాడు. బండి చుట్టూ తిరిగి చూసి మెచ్చుకున్నాడు. సారు ఏం పని చేస్తారని అడిగి, టీచరంటే మరింత మర్యాద చేశాడు. ఏమైనా తీసుకోమంటే నొచ్చుకున్నాడు. నీళ్ళకు పైసలు తీసుకునే కొంప కాదు మాది అన్నాడు.

ఆమె దిగి నల్లాకు రబ్బరు మూతి తొడిగింది. ట్యాంకు నిండుతుండగా రైతు భార్య వచ్చింది. లోపల ఎట్లుందో చూస్తానని సరదా పడింది. మా ఆమెకు ఇంక పట్టపగ్గాలు లేవు. చేయి పట్టుకుని ఎక్కించుకుంది. పొయ్యి చూపించింది, బాత్రూం చూపించింది, తొట్టిలో నల్లా తిప్పి నీళ్ళు చూపించింది. రైతు భార్య అబ్బురపడింది. మాటల్లో తనకు తల తిరుగుతుందని చెప్పింది. నర్సు ఊరుకుంటుందా? వెంటనే సంచిలోంచి బీపీ చూసే పట్టీ తీసి ఆమె జబ్బకు చుట్టింది. చూసి, "జర ఎక్కువుంది చెల్లె. ఉప్పు తగ్గియ్యి. తొక్కులు బంద్ జెయ్యి. దవాఖానకు పోయి గోలీలు రాయించుకో," అని తన వాళ్ళకు చెప్పినట్టే చెప్పింది.

నేను బయట పైపు దగ్గర ఉన్నాను. తలుపు తెరిచే ఉంది కాబట్టి మాటలన్నీ వినిపిస్తున్నాయి.

పట్టీ విప్పుకుంటూ రైతు భార్య బండి లోపలి గోడకు మేము తగిలించుకున్న సిలువను చూసింది. "మీరు ఏసయ్యను మొక్కుతరా అక్కా?"

"ఔ చెల్లె."

"ఏ ఊరు మీది?"

ఆమె పుట్టిన ఊరు చెప్పింది.

"ఆ ఊర్ల ఎవలోళ్ళు?"

ఈ ప్రశ్నకు తప్పించుకునే జవాబులు సవాలక్ష ఉన్నాయి. మా వాళ్ళందరికీ వచ్చు. నాకు అందరికంటే బాగా వచ్చు. ఉద్యోగం పేరు చెప్పడం, పట్నం పేరు చెప్పడం, మాట మార్చడం. ఆమె ఆ పని చేయదు. "వాడోళ్ళం," అంది. అంతే. దాచలేదు, గొప్పకూ చెప్పలేదు.

రైతు భార్య పట్టీ మంచం మీద పెట్టేసి, "పల్లికాయ మర్లెయ్యాలె అక్కా, పోతున్న," అంటూ దిగి పోయింది. పోయి పశువుల కొట్టం దగ్గర మొగుడితో ఏదో చెప్పింది. ఆయన మా వైపు చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు.

ట్యాంకు నిండింది. ఆమె నల్లా కట్టేసి, పైపు టక్కున ఊడదీసి, చుట్ట చుట్టి బండిలో వేసింది. పోయొస్తామని నేను చేయి ఎత్తాను. రైతు కొట్టం దగ్గర నుంచే తల ఊపాడు. ఇంతకు ముందు బండి చుట్టూ తిరిగిన మనిషి ఇప్పుడు నాలుగడుగులు వేయలేకపోయాడు. నేను చూసీ చూడనట్టు స్టీరింగ్ పట్టుకున్నాను. చూసీ చూడనట్టుండడం నాకు కొత్త కాదు. జీవితమంతా చేసిన పనే. ఆమె ముఖం ముడుచుకుంది.

కొంత దూరం పోయాక చాయ్ కోసం ఆపాం. పైపు సర్దుతుంటే రబ్బరు మూతి కనిపించలేదు. తొందరలో నల్లాకే వదిలేసి వచ్చాం. ఆ జోడు తెచ్చే తంటా అది, పైపు ఊడుతుంది, మూతి నల్లాకే ఉంటుంది. ఎన్నార్వీ కూడా దానితోనే ఉంది. అది లేకపోతే ముందు దారిలో మరలు లేని నల్లా తగిలితే నీళ్ళు పట్టలేం.

"పోనియ్యి, వద్దు," అంది ఆమె.

"దగ్గర్నే గద. పోయి తెచ్చుకుందాం."

"వద్దంటున్న గద సారూ."

నేను వినలేదు. బండి తిప్పాను.

మేము పోయేసరికి రైతు గట్టు మీద గొంతు కూర్చుని, పైపు పానాతో కొత్త నల్లా బిగిస్తున్నాడు. పాత నల్లా పశువుల తొట్టి పక్కన బురదలో పడి ఉంది. దాని మూతికి మా రబ్బరు మూతి అలాగే తొడిగి ఉంది. విప్పడానికి కూడా ముట్టుకోలేదన్న మాట. నల్లానే మొదలంటా పీకేశారు. రైతు భార్య గట్టు మీద బకెట్‌తో నీళ్ళు కుమ్మరిస్తోంది. ఆమె జుట్టు తడిగా ఉంది. కట్టుకున్నది వేరే చీర. ఇందాక బీపీ పట్టీ చుట్టించుకున్న మనిషి ఈలోగా తలస్నానం చేసి చీర మార్చుకుంది. నా భార్య వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

రైతు లేచి నిలబడ్డాడు. చేతిలో పానా ఎక్కడ పెట్టాలో తెలియలేదు పాపం.

"అరె సారు, మళ్ల వచ్చిండ్రా."

"మా సామాను మరిచిపోయినం."

"అగో, ఆడుంది," అని పానాతో చూపించాడు. "నల్లా లీకైతుండె. ఎప్పటికెల్లో మార్చాలె మార్చాలె అనుకుంట."

"లీకు లేకుండె," అంది నా భార్య. ఎప్పుడు దిగిందో నా వెనక నిలబడి ఉంది. "నేనే కట్టేసిన."

రైతు నేల చూపులు చూశాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "మీరు వేరేగ అనుకోవద్దు సారు. నాకైతె గసోంటియి ఏం లేవు. లోపల మా అమ్మ ఉంది. పాతకాలపు మనిషి, తెలిస్తే ఆ బోరు నీళ్ళు ముట్టది, పరేషాన్ జేస్తది. మీరు సదువుకున్నోళ్ళు, మీకు తెల్వందేముంది."

అనవలసిన మాటలు బోలెడున్నాయి. నేను ఎన్నో సభల్లో మైకు పట్టుకుని అన్నవే. ఇంటికొచ్చిన కుర్రాళ్ళకు గంటల తరబడి నూరిపోసినవే. తిట్టి ఉండవచ్చు. కేసు పెడతానని ఉండవచ్చు. ఏమీ అనకుండా సామాను తీసుకుని వచ్చేసినా సరిపోయేది. ఆ మూడింటిలో ఏదీ నేను చేయలేదు.

నేను వంగి బురదలోంచి పాత నల్లా తీశాను. పట్టీ వదులు చేసి రబ్బరు మూతి విప్పాను. దాన్ని నా చొక్కాకు తుడిచి ఆయన కళ్ళ ముందు పెట్టాను.

"గట్ల కాదన్నా. జూడు. దీన్ల ఎన్నార్వీ ఉంది. లోపల తలుపు లెక్క ఉంటది. నీళ్ళు మీ నల్లాకెల్లి మా బండ్లకు పోతయి, గని మా బండ్లకెల్లి మీ పైపులకు ఒక్క చుక్క గూడ మర్లి రాదు. కావాలంటె జూడు."

అని, నోట్లో పెట్టుకుని ఊదాను. ఇటు నుంచి ఊదాను, గాలి పోయింది. తిప్పి ఊదాను, పోలేదు. బురద రుచి నాలుకకు తగిలింది. రెండోసారి కూడా ఊదాను, ఆయనకు బాగా అర్థం కావాలని. క్లాసులో వెనక బెంచీ పిల్లవాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పాను.

రైతు మొహం తేటపడింది. పెద్ద బరువు దిగినట్టుగా నవ్వాడు.

"ఓ, గట్లనా. గా ముక్క ముందుగల్ల చెప్తె అయిపోతుండె గద సారు. ఉత్తగ నల్లా పీకేస్తి."

నేను కూడా నవ్వాను. అవును, నవ్వాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అది జరిగింది.

వెనక్కి తిరిగేసరికి నా భార్య బండెక్కి కూర్చుంది. నేను ఎక్కి అచ్చంపేట వైపు తిప్పబోతే, "నాగర్‌కర్నూల్‌కు పోనియ్యి," అంది. ఆ గొంతులో ఎదురు చెప్పడానికి సందు లేదు. దారంతా నేనే వాగాను. రైతును తిట్టాను, ఆయన తల్లిని తిట్టాను, కనపడని ఆ ముసలామె నిజంగా ఉందో లేదో అన్నాను. ఫిర్యాదు రాద్దామన్నాను, ఫోటో తీయకపోవడం పొరపాటన్నాను. ఇప్పుడు అనాల్సినవన్నీ అన్నాను, వినాల్సిన వాడు లేని చోట. ఆమె కిటికీలోంచి పత్తి చేన్లు చూస్తూ కూర్చుంది.

బస్టాండు దగ్గర ఆపమంది. తన బట్టల సంచి తీసుకుని దిగింది. గద్వాల బస్సు అప్పటికే నిలబడి ఉంది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నేను కింద నిలబడి బతిమాలాను. ఆయన చేసినదానికి మనమెందుకు ప్రయాణం మానుకోవాలి, మానుకుంటే వాళ్ళే గెలిచినట్టు కదా అన్నాను. ఇంకా ఇలాంటివే ఏవో అన్నాను.

"ఆయనకు నేను భయపడలే సారూ," అంది. కోపం లేదు గొంతులో. అదే ఎక్కువ భయపెట్టింది నన్ను. "నల్లా వీకిండు, ఆమె తానం జేసింది. గసోంటోళ్ళను మస్తుగ జూసిన. నువ్వేం జెప్పొచ్చినవ్?"

నేను బస్సు కిటికీ ఊచ పట్టుకున్నాను.

"మాకు మైల లేదు అని జెప్పొచ్చినవ్ అనుకుంటున్నవా? అది కాదు. మేం మైలోళ్ళమే గని మా మైల మీకు అంటదు, భయపడకు అని జెప్పొచ్చినవ్. ఊది మరీ జూపిచ్చినవ్. గంతేనా, కాదా?"

కాదు అనడానికి నోరు తెరిచాను. కండక్టర్ తలుపు వేశాడు. బస్సు కదిలింది.